తొమ్మిది మోటార్లు, మంచు సముద్రపు పురుగులు

ఆ వేసవిలో ట్రాన్స్‌ఫార్మర్ మూడోసారి కాలిపోయింది. దాన్ని కరెంటు కంబం మీద నుంచి దింపింది రైతులు. ట్రాక్టరులో వేసి తాళ్ళు కట్టింది రైతులు. డీజిలు పోసి మరమ్మతు షెడ్డుకు చేర్చింది రైతులు. కరెంటోళ్ళు చేసిన పని ఒక్కటే. "రాసినాం, వస్తాది" అని చెప్పారు.

ఓబుళేసు చీనీ తోటకు నీళ్ళు పారి చాలా కాలమైంది. ఆకులు దొన్నెల్లా ముడుచుకున్నాయి. బత్తాయిలు నిమ్మకాయంత దగ్గరే ఆగిపోయాయి. ఒక్క తడి అందితే చెట్లు నిలుస్తాయి, అందకపోతే పొయ్యిలోకి వస్తాయి. మధ్య దారి లేదు. ఆ చెట్లు అతని భార్య లక్ష్మీదేవమ్మ పెట్టినవి. మొక్కలుగా ఉన్నప్పుడు బిందెలతో నీళ్ళు మోసి పోసింది ఆమె. గట్టు మీద కూచుని లోకాన్ని తిట్టింది ఓబుళేసు. ఆమె పోయి నాలుగేళ్ళయింది. మోసే మనిషి పోయింది, తిట్టే మనిషి మిగిలాడు. దేవుడికి ఏరుకోవడం రాదని ఓబుళేసు అభిప్రాయం. ఎదురుగా ఆయనే ఉన్నా ఆ మాట అనగలడు.

సరిగ్గా ఆ రోజుల్లోనే విష్ణువర్ధన్‌కు సన్మానం చేయాలని బుద్ధి పుట్టింది. విష్ణువర్ధన్ ఊరి నాయకుడు. ఏ పార్టీ గెలిస్తే ఆ పార్టీలోనే పుట్టినట్టు ఉంటాడు. ట్రాన్స్‌ఫార్మర్ తేలేకపోయాడు. ఊరి ఆడపిల్ల ఒకతె ఉత్తర ధ్రువం దగ్గరి మంచు సముద్రానికి పోయి వచ్చిందని పేపర్లో చూసి ఫ్లెక్సీ మాత్రం తెల్లారేసరికి తెప్పించాడు.

ఆ ఆడపిల్ల అరుణజ్యోతి, లక్ష్మీదేవమ్మ తమ్ముడి కూతురు. గోవాలో సముద్రాలను పరిశీలించే ఆఫీసులో ఉద్యోగం. ఫ్లెక్సీలో ఆమె ముఖం ఉల్లిగడ్డంత, విష్ణువర్ధన్ ముఖం గుమ్మడికాయంత. ఇద్దరి నడుమ ఒక పెంగ్విను. పెంగ్విన్లుండేది దక్షిణాన, నేను పోయింది ఉత్తరానికి అని ఆమె ఫోన్లో మొత్తుకుందట. "యాడైతే ఏముందమ్మా, రెండూ మంచే కదా" అన్నాడట విష్ణువర్ధన్.

బడి ఆవరణలో షామియానా వేశారు. ఓబుళేసు పోయింది మేనకోడలి మీద ప్రేమతో కాదు. విష్ణువర్ధన్ ఉన్నచోట లైన్‌మన్ హరినాథ్ ఉంటాడు. అతన్ని పట్టుకోవాలని పోయాడు. పట్టుకున్నాడు.

"ఏమప్పా హరినాథూ, మా ట్రాన్స్‌ఫారం యాడిదాకా వచ్చె?"

"పైన ఉండాది అన్నా."

"పైన అంటే? కంబం మీదనా?"

"పై ఆఫీసులోన్నా. కాగితం పైన ఉండాది."

"ఆ కాగితాన్ని కూడా మేమే ట్రాక్టరులో ఎక్కించుకోని రావల్లనా?"

హరినాథ్ మైకు సరిచేసే పని గుర్తొచ్చినట్టు లేచి పోయాడు.

అరుణజ్యోతి కాగితం లేకుండా మాట్లాడింది. ఆ సముద్రంలో ఎండాకాలం కొన్నాళ్ళు పొద్దు మునగదట. చలికాలం కొన్నాళ్ళు పొద్దు పుట్టదట. పొద్దు తిరిగొచ్చి మంచు కరిగినప్పుడు నీళ్ళలో కంటికి కనపడని పచ్చని పాచి పైరులా లేస్తుంది. దాన్ని మేసేందుకు బియ్యపు గింజంత పురుగులు ఈదుకుంటూ వస్తాయి. ఆ పాచినీ ఆ పురుగులనూ కలిపి ప్లాంక్టన్ అంటారు. పురుగులు ఉన్న నాలుగు నాళ్ళూ మేసి ఒళ్ళంతా కొవ్వు పట్టించుకుంటాయి. చలికాలం రాగానే లోతుకు దిగి, ఊపిరి కూడా పొదుపుగా వాడుకుంటూ పడి ఉంటాయి.

"అవి తినంగా మిగిలింది అడుక్కు రాలుతాది," అంది ఆమె. "అడుగున బురదలో పురుగులుంటాయి, గుల్లలుంటాయి, నక్షత్రాల మాదిరి చేతులుండే ప్రాణులుంటాయి. అవి పైకి రాలేవు. రాలిందాని మీదనే బతకల్ల. నా పని ఏమంటే, ఓడ మీద నుంచి గొట్టం దించి ఆ బురదను ప్రాణులతో సహా పైకి తీస్తాం. మూత బిగిచ్చి, ఆడ ఉన్నంత చలిలో, ఆడ ఉన్నంత చీకట్లో పెడతాం. లోపలి నీళ్ళలో ప్రాణవాయువు ఎంత తగ్గిందో చూస్తాం. దాన్నిబట్టి ఆ బురద మొత్తం బతికేదానికి ఎంత శక్తి ఖర్చు చేస్తాందో తెలుస్తాది."

రెండో వరుసలో బసప్ప లేచాడు. మడకశిర వైపు నుంచి వచ్చి ఊళ్ళో స్థిరపడిన గొర్రెల కాపరి అతను. భార్య తరఫున వచ్చిన పొలం ఓబుళేసు తోట పక్కనే ఉంది. మోటారు కూడా అదే ట్రాన్స్‌ఫార్మర్ మీద నడుస్తుంది.

"అంటే కరెంటు మీటరు పెట్టినట్లే కదమ్మా."

"అట్లే అనుకోన్నా."

బసప్ప జనం వైపు తిరిగాడు. "విన్నారు కదప్పా. సముద్రం అడుగున పురుగుకే మీటరు పెట్టినారంటే, మన బోర్లకు పెట్టేదానికి ఇంక ఎన్నాళ్ళు?"

సభ అంతటా కలకలం రేగింది. అరుణజ్యోతి ఆరేళ్ళ చదువులో అంత పెద్ద కలకలం పుట్టించిన వాక్యం ఇదొక్కటే అయి ఉంటుంది. విష్ణువర్ధన్ చేతులూపి, మీటర్లు పెట్టేది సముద్రానికే, సీమకు కాదని హామీ ఇచ్చాడు. చప్పట్లు కొట్టారు.

చప్పట్లు ఆగాక ఓబుళేసు కూచున్నచోటి నుంచే అడిగాడు. "అమ్మీ, పైన ఉండేటివి మిగల్చకుండా తినేస్తే, అడుగున ఉండేటివి ఏం చేస్తాయి?"

"ఇప్పుడు కొన్ని చోట్ల అదే జరుగుతాందని మా అనుమానం మామా. నీళ్ళు వెచ్చగైతే పైవాటికి ఖర్చు పెరుగుతాది, ఆకలి పెరుగుతాది. కిందికి రాలేది తగ్గుతాది. అడుగున ముందు పెద్దవి పోతాయి. తర్వాత చిన్నవి."

"తర్వాత?"

"తర్వాత బురద ఉంటాది."

విష్ణువర్ధన్ చటుక్కున మైకు అందుకున్నాడు. "అద్భుతమైన సందేశం ఇచ్చింది మన ఆడబిడ్డ. ఆ అడుగున ఉండే జీవుల్ని చూసి మనం నేర్చుకోవల్ల. పైన్నించి ఏది రాలితే అది ప్రసాదం అనుకుంటాయి. ధర్నాలు చేయవు. రోడ్డుకు అడ్డం కూచోవు. ఓర్పు. అదీ సంస్కృతి."

"నేను అట్లా చెప్పలేదు సార్," అంది అరుణజ్యోతి. మైకు ఆమె దగ్గర లేదు. అప్పటికే ఇద్దరు మనుషులు ఆమె భుజాల మీద ఉన్ని శాలువా కప్పుతున్నారు. నెత్తిన మే నెల ఎండ. మంచు సముద్రానికి పోయొచ్చిన మనిషికి నూలు శాలువా ఏం బాగుంటుందని విష్ణువర్ధన్ ప్రత్యేకంగా తెప్పించాడట.

ఆమె బస ఓబుళేసు ఇంట్లోనే. పొద్దున్నే తోట చూస్తానని బయలుదేరింది. గెనిమ గట్టు మీద నడుస్తూ ఒక ఆకు తెంపి వేళ్ళతో విప్పబోయింది. అది అప్పడంలా విరిగింది.

"ఇంత ఎండిపోయినాయే మామా. ట్రాన్స్‌ఫార్మర్ ఏంటికి అన్నిసార్లు కాలుతాంది?"

"తొమ్మిది మోటార్లు ఒకదాని మీద ఉండాయి. అందరికీ ఆటోలు ఉండాయి."

ఆటో అంటే స్టార్టరు డబ్బాలో పెట్టే చిన్న పరికరం. కరెంటు రాగానే మనిషి లేకుండా మోటారును అదే ఆన్ చేస్తుంది. కరెంటు ఎప్పుడొస్తుందో తెలియని చోట రైతు నిద్రపోవడానికి కనిపెట్టిన సాధనం. ఒక్కరికి ఉంటే సుఖం. తొమ్మిది మందికీ ఉంటే, కరెంటు వచ్చిన క్షణాన తొమ్మిది మోటార్లూ ఒకేసారి గుక్కపట్టి లాగుతాయి. ట్రాన్స్‌ఫార్మర్ గుండె పగులుతుంది.

అరుణజ్యోతి గెనిమ మీద కూచుంది. "మా గొట్టాల్లోనూ అంతే. పట్టేదానికంటే ఎక్కువ ప్రాణుల్ని పెట్టి మూత బిగిస్తే, గాలి అయిపోయి అన్నీ చస్తాయి. ఏ ఒక్కటీ తప్పు చేసుండదు. విడిగా పెడితే ప్రతి ఒక్కటీ బతికేదే."

ఓబుళేసుకు ఆ మాట నచ్చింది. మనుషుల్ని గొట్టంలో పెట్టి మూత బిగించడం అనే ఆలోచన అతనికి ఎప్పుడూ నచ్చుతుంది.

"అయితే మూడేసి మోటార్లు వంతులేసుకుంటే?"

"కాలదు మామా."

సాయంత్రానికి పేపరు విలేకరి వచ్చి, ప్రపంచంలో మీరు చూసిన అతి పెద్ద శక్తి సమస్య ఏదమ్మా అని అడిగాడు. మా మామ ట్రాన్స్‌ఫార్మర్ అంది ఆమె. అది అచ్చయింది. మరునాడు మధ్యాహ్నానికి ట్రాన్స్‌ఫార్మర్ వచ్చింది. నెలరోజులు పైన ఉన్న కాగితం అంత వేగంగా కిందికి ఎలా వచ్చిందో ఎవరూ అడగలేదు. హరినాథ్ దాన్ని కంబమెక్కించి, చేతులు తుడుచుకుంటూ చెప్పాడు. "ఇది గాని కాలితే ఈ ఏడు ఇంక లేదన్నా. మా సారు తెగేసి చెప్పినాడు. మీరూ మీరూ చూసుకోండి."

తొమ్మిది మందీ ఆంజనేయస్వామి గుడి ముందు చేరారు. పొద్దున మూడు మోటార్లు, నడిపొద్దున మూడు, మాపటేల మూడు. నా చెట్లు చస్తాండాయి, నాకు ముందు ఇవ్వండన్నాడు ఓబుళేసు.

"నువ్వు ఒంటి మనిషివి కదన్నా," అన్నాడు బసప్ప. "పిల్లాజెల్లా ఉండేటోళ్ళం మేము. నీకేం తొందర?"

"దాహం నాకా, చెట్లకా?"

"చెట్లు మాత్రం ఎవరి కోసరమన్నా? ఉన్నమాట అంటే నిష్ఠూరం."

చివరి వంతు ఓబుళేసుకు వచ్చింది. మాట పెంచలేదు. మాపటిదాకానే కదా, ఇన్నాళ్ళు ఆగిన చెట్లు ఒక్క పగలు ఆగవా అనుకున్నాడు.

మనిషి మాట మీద మనిషికి నమ్మకం లేని చోట కర్పూరం ఉంటుంది. బండ మీద కర్పూరం వెలిగించి, చెప్పాల్సింది చెప్పి, అరచేత్తో ఆర్పాలి. అబద్ధమాడితే వంశం ఆ కర్పూరంలాగే ఆరిపోతుందని నమ్మకం. తొమ్మిది మందీ ఒకరి తర్వాత ఒకరు వంగి, "నా మోటారుకు ఆటో లేదు, పీకేసినా" అని ఆర్పారు. బసప్ప రెండుసార్లు ఆర్పాడు, ఎవరికీ అనుమానం ఉండకూడదని. అరుణజ్యోతి ఫొటో తీసుకుంది. ఆమె చదివిన లోకంలో శక్తి పంపకాన్ని ఎవరూ ఇంత పవిత్రంగా చేసి ఉండరు.

ఎవరూ అబద్ధమాడలేదు. ఆ క్షణాన తొమ్మిది డబ్బాల్లోనూ ఆటో లేదు. అది నిజం.

తెల్లవారాక ఓబుళేసు తన ఆటోను చేతిలోకి తీసుకుని కాసేపు చూశాడు. రెండు తీగలు కలిపితే చాలు. ఎనిమిది మంది పీకేశారు కాబట్టి తనదొక్కటి నడిస్తే ట్రాన్స్‌ఫార్మర్‌కు చీమ కుట్టినట్టు కూడా ఉండదు. చెట్లకు పొద్దున్నే నీళ్ళందుతాయి. కానీ తిరిగి గూట్లో పెట్టేశాడు. పాపభీతి వల్ల కాదు. ఆటో పెడితే, ఎనిమిది మందిలో ఎవడైనా మాట తప్పినప్పుడు వాణ్ణి తిట్టే హక్కు తనకు ఉండదు. ఆ హక్కు లేకుండా బతకడం ఎలాగో అతనికి తెలియదు.

పాదులు సరిచేసి, కాలువ తెరిచి, అరుణజ్యోతిని పక్కన కూచోబెట్టుకుని కరెంటు కోసం చూశాడు. వచ్చింది. దూరంగా ఒక మోటారు అందుకుంది, ఇంకొకటి, మూడోది. వంతు ప్రకారం అంతే. ఓబుళేసు తల ఊపాడు.

అప్పుడు దగ్గరలో ఒక మోటారు దగ్గింది. ఇసుక తాగీ తాగీ గొంతు పాడైన మోటారు అది, బసప్పది. అతని వంతు నడిపొద్దున. దాని వెనకే పడమటి చేలో ఇంకొకటి. ఆ వెనక ఒకటి. విడివిడిగా వినపడటం మానేసి అన్నీ కలిసి ఒక్క హోరయింది.

"మామా, ఎన్ని తిరుగుతాండాయి?"

"నాది తప్ప అన్నీ."

గట్టు అవతల బసప్ప చేలో గొట్టం నిండా నీళ్ళు తెల్లగా దూకాయి. ఓబుళేసు లేచి కంబం వైపు పరుగెత్తాడు. సగం దారిలో ఉండగానే టప్పుమంది. నూనె కాలిన వాసన వచ్చింది. హోరు ఆగింది. ఆ తర్వాత పిట్టల అరుపు వినపడింది.

ఎనిమిది మంది ఎనిమిది దిక్కుల నుంచి వచ్చి కంబం కింద చేరారు. ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు.

"నేనొక్కణ్ణే కదా అనుకుంటి," అన్నాడు ఒకడు.

"నేనూ అంతే. అందరూ తీసినారు, నాదొక్కటే ఉంటే ఏమవుతాదిలే అని."

"కర్పూరం ఆర్పితిరి కదరా," అన్నాడు ఓబుళేసు.

బసప్పకు కోపమొచ్చింది. "ఆర్పినాం. ఆర్పేటప్పుడు ఆటో ఉన్నిందా? లేదు. పీకేసినా అంటి గానీ మళ్ళా పెట్టనని అన్నానా? దేవుడి దగ్గర మాట తప్పేటోణ్ణి కాదన్నా నేను."

మిగిలిన ఏడుగురికీ, మొదటి వంతు ముగ్గురూ ఆటో పెట్టినవాళ్ళే కాబట్టి వాళ్ళకు కూడా, ఆ మాట విన్నాక ప్రాణం కుదుటపడింది. వంశాలకు ముప్పు లేదు. ఇక నేరం ఎవరిదో తేలాలి. ఎవరికి వారు పక్కవాడి పేరు చెప్పారు. చుట్టూ తిరిగొచ్చి అది ఎక్కడా ఆగకపోయేసరికి, ఊళ్ళో కాపురం లేని అరుణజ్యోతి మీద ఆగింది.

"పురుగుల శాస్త్రం తెచ్చి మన మోటార్లకు పెడితిరి," అన్నాడు ఒకడు. "చలిదేశం లెక్క మనకెట్లా అతుకుతాదప్పా?"

విష్ణువర్ధన్ ఫోనులోనే తీర్పు చెప్పాడు. ఆ పురుగుల్లాగా ఓర్పుగా ఉండండని మైకులో చెప్పినా వినకపోతిరి అన్నాడు. సభ ఫొటోలు ఎవరికైనా కావాలంటే తన దగ్గర ఉన్నాయన్నాడు.

ఓబుళేసు పొద్దున గూట్లో పెట్టి కాపాడుకున్న హక్కు ఒకటి ఉంది. నోరు తెరిచాడు. తిట్టుకుంటున్న ఎనిమిది మంది మధ్య తొమ్మిదో గొంతుకు చోటు లేదు. వాళ్ళు చాలించే వేళకు బసప్ప అతని భుజం మీద చెయ్యి వేశాడు.

"నీ ఆటో యాడ పెట్టినావన్నా?"

"గూట్లో."

"నిజంగా పెట్టలేదా?" బసప్ప జాలిపడ్డాడు. మనస్ఫూర్తిగానే పడ్డాడు. "ఎంత పని చేసినావన్నా. ఎట్లైనా కాలిపోయేదే కదా. పెట్టుంటే నీ చెట్లకు కూడా రెండు బిందెలన్నా పడుండేవి."

అందరూ అవునన్నట్టు చూశారు. తొమ్మిది మందిలో తెలివితక్కువవాడు ఎవరో తేలిపోయింది.

ఓబుళేసు ఆ చెయ్యి తీసేసి ఇంటికి పోయి గొడ్డలి తెచ్చుకున్నాడు. మొదటి చెట్టు ముందు కాసేపు నిలబడ్డాడు. వాన మీద ఆశ పెట్టుకుని ఇలాగే వదిలేస్తే పది రోజుల్లో తోటంతా పోతుంది. కొమ్మలు కొట్టేస్తే ఈ ఏటి కాపూ వచ్చే ఏటి కాపూ పోతాయి, మొద్దులు మిగలొచ్చు. మిగలకపోవచ్చు. లక్ష్మీదేవమ్మ ఉంటే అడ్డం పడేది. అడ్డం పడి, ఆ తర్వాత బిందె ఎత్తుకునేది.

మొదటి కొమ్మ కాయలతో సహా పడింది. అరుణజ్యోతి పరుగెత్తుకొచ్చింది.

"కాయలు పోతాయి కదా మామా."

"కాయను మోసి చెట్టు చస్తాది. ఆకు తాగే నీళ్ళు ఆకు తాగుతాది. రెండూ లేకుంటే ఊపిరి బిగబట్టుకోని వానదాకా ఉంటాదేమో."

"ఉంటాదా?"

"చదివినదానివి, నువ్వు చెప్పు."

"నాకు చలి గురించే తెలుసు మామా. ఎండ గురించి తెలీదు."

"ఎండ గురించి ఎవునికీ తెలీదులే. పట్టుకో ఆ కొమ్మ."

ఆమె చున్నీ నడుముకు బిగించి కొమ్మలు ఒక పక్కకు లాగడం మొదలుపెట్టింది. ముళ్ళు చేతులు గీరాయి. కుందుర్పి నుంచి వచ్చే బస్సు రోడ్డు మీద హారను కొట్టుకుంటూ పోయింది. అందులో ఆమె పోవాల్సింది. తల ఎత్తి చూసి మళ్ళీ వంగింది. కొట్టిన చోటల్లా పేడ, సున్నం కలిపి మెత్తమని చెప్పాడు ఓబుళేసు.

మధ్యాహ్నానికి కంచె అవతల గొర్రెల అరుపులు వినపడ్డాయి. పచ్చి ఆకు వాసన వాటికి అరకోసు దూరం నుంచే తెలుస్తుంది. వాటి వెనక బసప్ప నిలబడ్డాడు.

"ఓబుళేసన్నా. ఆ ఆకు ఎట్లా ఎండిపోయేదే కదా. జీవాల్ని విడ్చనా?"

ఓబుళేసు గొడ్డలి దించాడు. గొర్రెల వైపు చూశాడు. పక్కటెముకలు లెక్కపెట్టేలా ఉన్నాయి. వాటికి మేత దొరికి ఎన్నాళ్ళయిందో.

వచ్చి కంచెలో ముళ్ళకంప పక్కకు లాగాడు. గొర్రెలు ఒకదాన్నొకటి తోసుకుంటూ లోపలికి దూరి, రాలిన ఆకుల మీద పడ్డాయి. బసప్ప వాటి వెనకే అడుగు వేయబోయాడు. ఓబుళేసు కంప లాగి అడ్డం పెట్టాడు.

"ఇదేందన్నా?"

"గొర్రెలకే."

"ఆ మాత్రానికి కోపమా? మనుషులన్నాక ఒకరికొకరం కావల్ల కదన్నా."

"అవి కర్పూరం ఆర్పలేదు బసప్పా. నువ్వు ఆడనే ఉండు."

బసప్ప అక్కడే ఎండలో నిలబడ్డాడు. కాసేపటికి కంచె మీదుగానే వానల మాటా సంతలో గొర్రె ధర మాటా మొదలుపెట్టాడు. ఎవరూ పలకకపోయినా అతనికి ఇబ్బంది లేదు. గొర్రెలు వంచిన తల ఎత్తకుండా నములుతున్నాయి. అరుణజ్యోతి ఒక మొద్దు చుట్టూ పేడ మెత్తుతూ, బెరడును గోటితో గీరి లోపల పచ్చగా ఉందేమో చూసింది. కొంచెం ఉంది.

గొడ్డలి మొద్దుబారింది. ఓబుళేసు గట్టు రాయి మీద కూచుని దాన్ని నూరుకున్నాడు. ఇంకా సగం తోట ఉంది. లేచి తర్వాతి చెట్టు దగ్గరకు పోయాడు.